మాటలు రాని కండక్టరమ్మ

నారాయణఖేడ్ డిపోలో కండక్టరుగా చేరిన ఇన్నేళ్లలో సలోమి గొంతు వినని ఊరు ఆ చుట్టుపక్కల లేదు. బస్సు మలుపు తిరగకముందే ఆమె కేక మలుపు దాటేస్తుందని డ్రైవర్లు అనుకునేవారు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి ఆ గొంతుకు పని ఇంకా పెరిగింది. సంతరోజున ఊపిరాడని బస్సులో మెట్టు మీద నిలబడి, "జరుగుండ్రి, ఇంక జరుగుండ్రి, లోపట మస్తు జాగ ఉన్నది" అని ఆమె అంటే, జాగా లేదని కళ్లకు కనిపిస్తున్నా జనం జరిగేవారు.

అలాంటి సలోమి నలభై దాటాక సువార్త శిక్షణ కాలేజీలో చేరింది. జహీరాబాద్ రోడ్డు మీద ఉండే చిన్న కాలేజి అది. ముక్కూమొహం తెలియని ఊళ్లకు మిషనరీలుగా పోయేవాళ్లను తయారుచేసే చదువు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు శనివారాలు తరగతులు. సలోమి తన సెలవును శనివారానికి మార్పించుకుని, ఇరవయ్యేళ్ల పిల్లల మధ్య ముందు బెంచీలో కూర్చునేది.

ఆమె మొగుడు స్తెఫను దర్జీ. ఈ సంగతి చెప్పినప్పుడు మిషను తొక్కడం ఆపి పెళ్లాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"దినమంత బస్సుల ఒర్రుతనే ఉంటవ్. అది చాలలేదా నీకు? ఇగ దేవుని పేరు మీద గూడ ఒర్రుతవా?"

"ఒర్రుడు కాదు. చదువు."

"గట్లనే కానీ," అన్నాడు స్తెఫను. అన్నాడే గాని, శనివారం పొద్దున చాయ్ పెట్టి ఆమెను లేపే పని ఆ రోజు నుంచి తనే చేశాడు.

సలోమికి ఈ పిచ్చి కొత్తగా పట్టింది కాదు. వాళ్ల అవ్వ చెప్పిన ముచ్చట్లలో ఒకటి ఆమె చిన్నతనం నుంచీ మనసులో ఉండిపోయింది. ఎప్పుడో ఒక దొరసాని ఎడ్లబండి మీద ఈ ప్రాంతానికి వచ్చి, తెలుగు ముక్క రాక, దాహమైతే దోసిలి చూపించి నీళ్లు అడిగిందట. అవ్వకు ఆ దొరసాని పెట్టిన బడి గొప్ప, ఇచ్చిన మందు గొప్ప. సలోమికి మాత్రం ఆ దోసిలి గొప్ప. తననెవరూ ఎరగని చోట, ఒక పేరు గాని ఊరు గాని చెప్పుకోకుండా, వట్టి మనిషిగా నిలబడటం ఎలా ఉంటుందో చూడాలని ఆమెకు ఆశ. పలకరించకుండా ఒక్క వీధి దాటలేని కండక్టరుకు అంతకన్నా పెద్ద ఆశ ఏముంటుంది?

కాలేజీలో అన్నిట్లో బాగానే నెట్టుకొచ్చింది గాని, వినడం అనే పాఠంలో మాత్రం అందరికన్నా వెనకబడింది. ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేసేది. పాఠం చెప్పే నెహెమ్యా సార్ నెమ్మదైన మనిషి. ఆయన కూడా ఒకరోజు చేతిలో సుద్దముక్క కింద పెట్టేశాడు.

"సలోమమ్మా, ఎదుటి మనిషి స్టేజి రానియ్యి. రాకముందే దింపుతున్నవ్."

క్లాసంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది సలోమే.

చదువు చివర ఒక పరీక్ష ఉంది. ఇద్దరిద్దరిని జతచేసి, తెలియని పల్లెకు పంపుతారు. చేతిలో పైస ఉండకూడదు, ఫోన్ ఉండకూడదు, చుట్టాల ఇళ్లకు గాని చర్చి వాళ్ల ఇళ్లకు గాని పోకూడదు. దొరికిన పని చేసి, పెట్టింది తిని, ఆ ఊరి మనుషుల మధ్య కొన్నాళ్లు ఉండి రావాలి. అడిగితే తప్ప ప్రసంగాలు చేయకూడదు. సలోమికి జతగా క్రిస్టీనా వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల, కుక్కను చూస్తే మనిషి వెనక దాక్కునే రకం. ఇద్దరికీ, సలోమి బస్సు తిరిగే కంగ్టి వైపు పల్లెలు పడ్డాయని సార్ చెప్పగానే సలోమి లేచి నిలబడింది.

"సార్, గా దిక్కు నన్ను ఎరగనోళ్లు ఎవ్వలుంటరు?"

"వెతుకు, దొరుకుతరు," అన్నాడు నెహెమ్యా సార్.

వెతకడానికి సలోమి పెద్ద ఏర్పాట్లే చేసింది. ఖాకీ కోటు వదిలేసి పాత నేత చీర కట్టింది. ఎప్పుడూ ముడి వేసే జుట్టును జడ వేసింది. స్తెఫను పాత కళ్లజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే తనను తానే గుర్తుపట్టలేదు. కళ్లజోడు వల్ల అద్దం కూడా సరిగ్గా కనబడలేదనుకోండి. ఆ వేషంలో ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఒకటే నవ్వు. "పెండ్లిపిల్ల గూడ ఇంత మురవది," అన్నాడు స్తెఫను.

కంగ్టి దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి మట్టిబాట పట్టారు. మొదటి పల్లెలో ట్యాంకు దగ్గర ఆడవాళ్లు బిందెలతో కొట్లాడుకుంటున్నారు. సలోమి ఒక్క నిమిషం ఓర్చుకుంది. రెండో నిమిషం ఓర్చుకోలేకపోయింది.

"లైన్ల రాండ్రి. ఒక్కొక్కరు, ఒక్కొక్కరు. ఎనకున్నోళ్లు నూకొద్దు."

బిందెలన్నీ గప్‌చుప్‌గా వరసలోకి వచ్చాయి. ఆ నిశ్శబ్దంలో ఒకామె కళ్లు పెద్దవి చేసింది.

"ఇగో, నువ్వు ఖేడ్ బస్సు మేడమ్‌వి గదా."

అంతే. కళ్లజోడు తీయించారు, జడ పట్టుకుని చూశారు, చాయ్ తెచ్చారు, బిస్కెట్లు తెచ్చారు. తమ ఊరి స్టేజీలో బస్సు ఆగడం లేదని ఒక ముసలాయన కర్ర నేలకు కొడుతూ నిలదీశాడు. క్రిస్టీనా ఆనందంగా బిస్కెట్లు తింటుంటే సలోమి ఆమె చెయ్యి పట్టి లాక్కుపోయింది.

"అక్కా, మంచిగానే పెడుతున్నారు కదా."

"నాకు పెడుతున్నరు. గది లెక్కల రాదు."

రెండో పల్లెలో జాగ్రత్తపడింది. ఎవరూ లేని వాకిలి చూసుకుని, గొంతు బాగా తగ్గించి, "జర నీళ్లిస్తరా?" అని అడిగింది. లోపలి నుంచి ఒక మగగొంతు నిద్రమత్తుతో పలికింది.

"ఏమే, గా సంచి ఇటు తే. బస్సొచ్చినట్టున్నది."

ఇద్దరూ పరుగు లంకించుకున్నారు. ఊరు దాటాక క్రిస్టీనా చేను గట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. సలోమి కోపంగా చూద్దామనుకుంది గాని, తనకూ నవ్వు ఆగలేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ తీర్మానం చెప్పింది.

"ఇగ నేను నోరు తెరవ. మాట్లాడుడంత నువ్వే."

కర్ణాటక సరిహద్దు దగ్గర పల్లెలో పత్తిచేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. ఒక పెద్దామె ఒంటరిగా పత్తి ఏరుతోంది. పేరు కిష్టవ్వ. ఆ ఊరికి బస్సు రాదు, ఆమె అంగడికి పోయేది కూడా బీదర్ వైపే. సలోమిని చూసి కొంచెం కూడా గుర్తుపట్టలేదు. సలోమి మనసు గాలిలో తేలిపోయింది.

క్రిస్టీనా నమస్కారం పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. దేవుని పని నేర్చుకునే కాలేజి నుంచి వచ్చామని, కొన్నాళ్లు ఊళ్లో ఉండి పని చేస్తామని, అన్నం పెడితే చాలని.

"చర్చి చదువా? మంచిదే," అంది కిష్టవ్వ. "పత్తి ఏరనొస్తదా?"

"మా అక్కకు వస్తుంది."

"నీ పేరేందమ్మా?" అని కిష్టవ్వ సలోమిని అడిగింది.

సలోమి నోరు తెరిచి, తన తీర్మానం గుర్తొచ్చి, మూసింది. కిష్టవ్వ మళ్లీ అడిగింది. సలోమి మళ్లీ నోరు తెరిచి మూసింది. క్రిస్టీనా బెదిరిపోయింది.

"మా అక్కకు మాటలు రావు అవ్వా."

సలోమి వెనక నుంచి ఆ పిల్ల నడుము మీద గట్టిగా గిల్లింది. అప్పటికే కిష్టవ్వ దగ్గరికి వచ్చి సలోమి గడ్డం పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యో బిడ్డా. బా, బా, ఇంట్లకు రా. ముందు ఇంత తినుండ్రి," అంది, కన్నడం కలిసిన ఆ సరిహద్దు మాటలో.

అబద్ధాన్ని అక్కడే సరిదిద్దవలసింది. కాని వేడి జొన్నరొట్టె మీద పచ్చికారం పడ్డాక, తిన్నాక చెబుదామనుకుంది సలోమి. తిన్నాక, కిష్టవ్వ మొగుడు మొగులప్ప చేలోంచి వచ్చాడు. ఆయన ముందు బాగుండదనుకుంది. ఆ తర్వాత చెప్పడం రోజురోజుకూ కష్టమైపోయింది.

ఎందుకంటే మాటలు రానిదానికి ఏం చెప్పుకున్నా బయటికి పోదని ఊరికి అర్థమైంది. పత్తి ఏరుతూ కిష్టవ్వే మొదలుపెట్టింది. మొగులప్ప గురక గురించి, పట్నంలో మేస్త్రీ పనికి పోయిన కొడుకు తనతో ఫోన్‌లో మాట్లాడటం తగ్గించిన సంగతి గురించి, కోడలికి కడుపు నిలవడం లేదని తాను పైకి తిట్టి లోపల ఏడవడం గురించి. పక్క చేనామె తన సంగతి చెప్పింది. ఎదురింటి కొత్తకోడలు, పెళ్లికి ముందు ఒక పిల్లవాడు తనను చూసి నవ్వేవాడని, ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తుందని, చెప్పేసి సిగ్గుపడి పారిపోయింది. ప్రతి మాటకూ సలోమి నాలుక చివర జవాబు సిద్ధంగా ఉండేది. దాన్ని మింగేది. మింగగా మింగగా ఒక వింత జరిగింది. జవాబు ఆగిపోయిన చోట ఎదుటివాళ్లు ఇంకొంచెం చెప్పేవారు. ఆ ఇంకొంచెంలోనే అసలు మాట ఉండేది. ఇన్నేళ్లుగా బస్సులో వేలమందిని ఎక్కించి దింపింది గాని, ఒక్కరి మాటనైనా చివరిదాకా వినలేదేమోననిపించింది.

ఇటు క్రిస్టీనా పరిస్థితి ఘోరంగా ఉంది. అక్కకు మాట ఎట్ల పోయిందని అడిగినవాళ్లందరికీ ఒక్కో కారణం చెప్పి ఇరుక్కుంది. ఒకరికి పామును చూసి జడుసుకుందని, ఇంకొకరికి జ్వరమొచ్చిందని. ఇద్దరూ ఎదురుపడితే, "జ్వరమొచ్చినంక పాము వచ్చింది," అని సర్దింది. ఆ పూట పత్తి సంచిలో మొహం దాచుకుని సలోమి నవ్విన నవ్వుకు చెట్లు ఊగాయి. మూగవాళ్లు నవ్వితే చప్పుడు ఎట్లుండాలో తెలియక ఆమె పడ్డ అవస్థ ఆమెకే తెలుసు.

ఒక పొద్దున ఇద్దరూ లేచేసరికి కిష్టవ్వ తలస్నానం చేసి, కొత్త చీర కట్టి, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు సంచిలో పెట్టుకుంటోంది.

"బోరంచ పోతున్నం. నల్లపోచమ్మకు మొక్కిన. ఈ బిడ్డకు మాట వస్తే చీర పెడతానన్న. మీరు గూడ రావాలె."

క్రిస్టీనా మొహం పాలిపోయింది. "అవ్వా, మేము చర్చి వాళ్లం కదా."

"ఎరుకే. మీ దేవుడు మీకు, మా తల్లి మాకు. మాట వస్తే ఎవ్వలిచ్చినా మంచిదే గదా."

ఆ మాటకు సలోమి తల దించుకుంది. తన పేరు మీద మొక్కు, తన అబద్ధం మీద చీర. ఇక చెప్పేయాల్సిందే అని గుమ్మం దాకా వచ్చింది. గుమ్మంలో కిష్టవ్వ ఆమె జడలో బంతిపువ్వు తురిమి, రెండు చెంపలూ నిమిరి, "మంచిగైతది బిడ్డా, రంది పడకు," అంది. పత్తి ఏరి గరుకెక్కిన ఆ చేతుల కింద సలోమికి గొంతు నిజంగానే పెగల్లేదు.

ఆటోలో కంగ్టికి వచ్చారు. అక్కడ ఆగి ఉన్న ఖేడ్ బస్సును చూడగానే సలోమి కిష్టవ్వ వెనక్కి జరిగింది. అందులో కండక్టరు దత్తు. కొత్తగా చేరినవాడు, టికెట్ మిషను పట్టుకోవడం దగ్గర్నుంచి ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఆమెను చూసి మొహమంతా నవ్వుతో, "అక్కా," అనబోయాడు. సలోమి వేలు పెదవి మీద పెట్టి కళ్లతో బెదిరించింది. దత్తు అయోమయంగా ఆమె ఆధార్ చూసి, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి, తల గోక్కుంటూ ముందుకు పోయాడు.

ఆ రోజు అంగడి. బస్సు కిక్కిరిసింది. దత్తు ముందు భాగంలో చిక్కుకుపోయి, మిషనులో కాగితం ఇరుక్కుంటే దాన్ని అరచేత్తో తడుతున్నాడు. ఒక స్టేజీలో మూట నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ వెనక తలుపు నుంచి దిగుతోంది. ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద. ఎవరో విజిల్ వేశారో, వేశారని డ్రైవరు అనుకున్నాడో, బస్సు కదిలింది.

"హోల్డాన్!"

ఆ కేకకు డ్రైవరు కాలు అతని బుర్రకన్నా ముందే బ్రేకు తొక్కింది. నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ముసలమ్మ క్షేమంగా దిగి, మూట సర్దుకుని, వెనక్కి చూడకుండా తన దారిన పోయింది.

తలలన్నీ సలోమి వైపు తిరిగాయి. కిష్టవ్వ సీట్లోంచి మెల్లగా లేచింది.

"పలికింది," అంది. తర్వాత బస్సంతా వినబడేలా, "నా బిడ్డ పలికింది. తల్లి పలికించింది. ఇంక గుడి మెట్టు గూడ ఎక్కలే, తొవ్వలనే పలికించింది," అంటూ సలోమిని కావలించుకుని ఏడ్చింది.

సంగతి నిమిషంలో బస్సు ఆ చివరికి పాకింది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉన్నా, జడలో బంతిపువ్వుతో ఉన్న మనిషిని ఎవరూ పోల్చుకోలేదు. ఆడవాళ్లు చేతులు జోడించారు. ఒకామె సలోమి చెయ్యి తీసుకుని తన పాప తల మీద పెట్టింది. దత్తు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"మాటలు రాకపోవుడేంది? ఈమె నోరు మూపియ్యనీకె మా డిపోల ఎవ్వనికి చాతకాలే."

అందరూ అతన్ని చూశారు. తర్వాత సలోమిని చూశారు. క్రిస్టీనా కళ్లు మూసుకుంది.

సలోమి కిష్టవ్వ చేతులు పట్టుకుని సీట్లో కూర్చోబెట్టింది. తాను కింద, బస్సు నేల మీద కూర్చుంది.

"అవ్వా, దత్తు చెప్పింది నిజం. నాకు మాట పోలేదు, రాలేదు. నేను ఖేడ్ డిపో కండక్టర్‌ని. నా గొంతు విని అందరు గుర్తుపడుతున్నరని నోరు మూసుకున్న. గా పిల్ల భయపడి మాటలు రావన్నది. నేను కాదనలే. నువ్వు రొట్టె పెట్టినంక చెప్పనీకె మొహం చెల్లలే. తప్పయింది."

కిష్టవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని సలోమి మొహంలోకి చూసింది. బస్సు ఇంకా కదలలేదు. డ్రైవరు తన సీట్లోంచి వెనక్కి తిరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు.

"అయితే," అంది కిష్టవ్వ చివరికి, గొంతు తగ్గించి, "గురక సంగతి విన్నవా?"

"విన్న."

"కోడలి సంగతి?"

"విన్న అవ్వా."

"ఎవ్వలకన్న చెప్తవా?"

"సచ్చినా చెప్ప."

కిష్టవ్వ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని సలోమి కంగారుపడింది. కిష్టవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "జ్వరమొచ్చినంక పాము వచ్చిందట," అనేసరికి కొంగు జారిపోయింది. ఆ నవ్వు సీటు నుంచి సీటుకు అంటుకుంది. ఏం జరిగిందో తెలియని ముందు సీట్ల వాళ్లు కూడా నవ్వారు. దత్తు మిషనులో ఇరుక్కున్న కాగితం ఆ నవ్వుల కుదుపులో దానంతటదే బయటికి వచ్చింది. ఆ తర్వాత ఖేడ్ దాకా ఎవరో ఒకరు గుర్తుచేసుకుని మొదలుపెట్టడం, బస్సంతా అందుకోవడం. పక్కటెముకలు నొప్పిపెట్టి సలోమి కడ్డీ పట్టుకుని నిలబడింది.

ఖేడ్‌లో బస్సు మారి బోరంచ చేరాక, గుడి బయట సలోమి ఆగింది.

"అవ్వా, నేను లోపలికి రాను. ఇక్కడనే కూసుంట."

"నిన్ను రమ్మని ఎవ్వలన్నరు? చెప్పులు చూడు," అంది కిష్టవ్వ. "నేను మాట రావాలెనని మొక్కిన. మాట వచ్చిందా లేదా? మొక్కు మొక్కే." గుడి ముందు దుకాణంలో చీర కొని, తల ఎత్తుకుని లోపలికి పోయింది.

సలోమి, క్రిస్టీనా చెప్పులకు కాపలా కూర్చున్నారు. కిష్టవ్వ వచ్చి వాళ్ల పక్కన కాళ్లు చాపుకుని, మూటలోంచి రొట్టెలు తీసి ముగ్గురికీ పంచింది.

"ఇగ చెప్పు. నోరు వచ్చింది గదా. కండక్టరు నౌకరి ఉండంగ నీకు గీ చదువెందుకు? మీ దేవుడు ఏమంటడు?"

ఆ ప్రశ్న కోసం సలోమి రెండేళ్లు చదివింది. జవాబులు కంఠతా ఉన్నాయి. అవేవీ గుర్తురాలేదు. దోసిలి పట్టి నీళ్లడిగిన దొరసాని గురించి చెప్పింది. తనకు కష్టమొచ్చినప్పుడు ప్రార్థనలో ఎవరో చివరిదాకా వింటున్నట్టు ఉంటుందని, అట్లా వినే మనిషి కావాలని ఆశపడ్డానని చెప్పింది. చిన్న గొంతుతో, ఆగి ఆగి చెప్పింది. కిష్టవ్వ నడుమ అడ్డుపడితే ఆగి, ఆమె మాట అయిపోయాక మళ్లీ అందుకుంది. కిష్టవ్వ అంతా విని, "మంచిగున్నది," అంది. ఇంకో రొట్టె ఆమె చేతిలో పెట్టింది.

కాలేజీలో నెహెమ్యా సార్ ముందు ఇద్దరూ జరిగిందంతా దాచకుండా చెప్పారు. పాము దగ్గర సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. హోల్డాన్ దగ్గర బల్ల మీద తల వాల్చేశాడు. చాలాసేపటికి తేరుకుని, మొహం గంభీరంగా పెట్టడానికి ప్రయత్నించాడు.

"విన్నందుకు నీకు మంచి మార్కులేస్త సలోమమ్మా. కానీ అబద్ధం మీద గడిపిన పరీక్షను నేను పాస్ చెయ్య. ఇద్దరు మళ్ల పోవాలె."

"గదే ఊరికా సార్?"

"గదే ఊరికి. నోరు తెరిచి."

ఫెయిలయినందుకు అంత సంతోషపడ్డ విద్యార్థులను ఆ కాలేజి చూసి ఉండదు. సలోమి క్రిస్టీనాను పట్టుకుని వరండాలో గిరగిరా తిప్పింది. సార్ చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

సెలవు దొరకగానే, చివరి విడత పత్తి తీసే రోజుల్లో, ఇద్దరూ మళ్లీ ఆ మట్టిబాట పట్టారు. ఈసారి వాళ్ల కోసం ఎదురుచూస్తున్నది కిష్టవ్వ ఒక్కతే కాదు. తమ గుట్టంతా సలోమికి చెప్పేసుకున్న ఆడవాళ్లందరూ చేను గట్టు మీద నడుముల మీద చేతులు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. అందరికన్నా ముందు ఎదురింటి కొత్తకోడలు.

"మా ముచ్చట్లన్ని విన్నవ్," అంది ఆ పిల్ల, ఎర్రబడ్డ మొహంతో. "ఇప్పుడు నీయి చెప్పు. పెండ్లి కాడికెళ్లి షురూ చెయ్యి."

సలోమి నడుముకు పత్తి సంచి కట్టుకుంది. తమ పెళ్లిరోజున స్తెఫను, తన కొలతకు తానే కుట్టుకున్న ప్యాంటు చర్చిలో మోకరించగానే ఎట్లా పిగిలిపోయిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం ఆ చేలో పత్తి చాలా తక్కువ ఏరారు.